ఎర్ర చీటీ

మా అత్తయ్య ఆ రోజు నా బట్టలు ఉతికేసింది.

ఉతకడంతో ఆగలేదు. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, చంక దగ్గర చిరిగిన చోట సన్నగా కుట్టు కూడా వేసింది. పొద్దున్నే నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి నా నీలం యూనిఫాం కొత్తదానిలా మడత పెట్టి కుర్చీలో ఉంది. దాన్ని చూసి అరిచాను. ఆ అరుపు ముందురోజు మధ్యాహ్నం నుంచీ గొంతులో ఇరుక్కుని ఉంది. వెళ్ళాల్సింది ఇంకొకడి మీదికి, వెళ్ళింది ఆవిడ మీదికి.

"ఎవరు ఉతకమన్నారు మిమ్మల్ని? ఎవరు ముట్టుకోమన్నారు?"

అత్తయ్య బిత్తరపోయింది. "మరక ఉందమ్మా. అలా వదిలేస్తే పట్టేస్తుందని చన్నీళ్ళలో వేశాను. నెలసరి అనుకున్నాను. ఏమైంది?"

"చిరిగింది కనిపించలేదా?"

"కనిపించింది. కుట్టాను కదా."

ఆవిణ్ణి అని ఏం లాభం? ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేసింది. మోకాళ్ళు అరిగిపోయాక అక్కడి తన మడత బల్ల దగ్గర నన్ను నిలబెట్టి తను ఇంటికి వచ్చింది. నాకిప్పుడు పదకొండో ఏడు. మరక కనబడితే మా చేతులు మమ్మల్ని అడగవు. రక్తానికి చన్నీళ్ళు, నూనెకి వేడినీళ్ళు, సిరాకి ముందు పాలు. ఆ రక్తం ఎవరిది, ఎందుకు కారింది అని అడిగే అలవాటు మాకు లేదు. హోటల్ దుప్పట్లను అలా ఆరా తీయడం మొదలుపెడితే ఒక్క రోజు కూడా పని సాగదు. ఇంకే ఇంట్లో అత్తయినా చిరిగిన బట్టల్ని మూలన పడేసి సణుక్కునేది. మా ఇంట్లో సాక్ష్యం సబ్బునీళ్ళలో కలిసి కాలువలోకి పోయింది.

ముందురోజు మధ్యాహ్నం మూడింటికి దుప్పట్లు తెచ్చుకోవడానికి నేను స్టోర్ గదికి వెళ్ళాను. స్టోర్ మేనేజరు వెనకే వచ్చి లోపల గడియ పెట్టాడు. వాణ్ణి మేమందరం సెంటు సారు అంటాం. వాడికంటే ముందు వాడి వాసన వస్తుంది. జరిగింది అత్యాచారం. ఆ మాట నేను పూర్తిగా రాస్తున్నాను. ఎందుకంటే తర్వాత నెలల తరబడి జనం 'ఆ విషయం' అన్నారు, 'ఆ గొడవ' అన్నారు, నీళ్ళు నమిలారు. నేను గట్టిగా అరిచాను. గోడకి అవతల పద్నాలుగు యంత్రాలు తిరుగుతున్నాయి, నా అరుపు నాకే వినబడలేదు. వాడి ఎడమ మణికట్టు కొరికాను. కోటు గుండీ పట్టుకుని లాగితే గుడ్డతో సహా ఊడొచ్చింది. అయినా వాడు ఆగలేదు.

ఇంటికి వచ్చి, ఆ బట్టలు విప్పి, స్నానాల గదిలో ఒక మూల పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కానీ తెల్లారేలోపు ఒకటి తేల్చుకున్నాను. నేను పని మానను. ఆ బల్ల నాది, ఆ ఉద్యోగం నాది. వాడు ఆ గదిలో ఉండడానికి వీల్లేదు. ఫిర్యాదు చేస్తాను, ఆ బట్టలు చూపిస్తాను. తీరా లేచి వస్తే నా సాక్ష్యం ఇస్త్రీ మడతలతో కుర్చీలో కూర్చుని ఉంది.

జరిగింది అత్తయ్యకి చెప్పాను. స్తంభంలా నిటారుగా నిలబడే మనిషి, కింద కూలబడింది. చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది.

"నేను చెరిపేశానా?" అంది.

"అవును," అన్నాను. ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక నాకు లేదు.

నా భర్త లారీ మీద ఎక్కడో రెండు రోజుల దూరంలో ఉన్నాడు. ఫోన్ చేసి చెప్పాను. ఇంజను చప్పుడులోంచి "ఇంకెవరికైనా చెప్పావా?" అని అడిగాడు. నీకు ఎలా ఉంది అని కాదు, వాడెవడు అని కూడా కాదు. అత్తయ్య లేచి ఫోను లాక్కుంది.

"నాకు చెప్పిందిరా. ఇప్పుడు డాక్టరుకి చెబుతుంది. తర్వాత పోలీసులకి చెబుతుంది. నువ్వు తిన్నగా ఇంటికొచ్చి వంట సంగతి చూడు. ఇంకో ప్రశ్న అడిగావంటే నా కడుపున పుట్టలేదనుకుంటాను."

ఫోను పెట్టేసి చెప్పులు వేసుకుంది. ఆవిడ చెప్పులు వేసుకుందంటే ఇక మాటలుండవని మా వీధంతటికీ తెలుసు.

ఆస్పత్రిలో ఇలాంటి కేసులు చూసే గది మూడో అంతస్తులో, చివర ఉంది. బల్ల, రెండు కుర్చీలు, తెర వెనక మంచం, గోడకి గడియారం. డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఆవిడ పక్కన సహాయ కేంద్రం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ కళ్ళద్దాల కాడకి దారం చుట్టి ఉంది.

"ఉతికేశారు," అన్నాను లోపలికి అడుగుపెట్టగానే. అంతకంటే ముందు చెప్పాల్సింది ఏదీ తోచలేదు. "బట్టలు ఉతికేశారు. నేను కూడా నీళ్ళు పోసుకున్నాను. ఇంక నేనేం చెప్పినా ఎవరూ నమ్మరు కదా?"

"చాలామంది స్నానం చేసే వస్తారు," అంది డాక్టరమ్మ. "ఒంటికి అంటింది కడుక్కోవాలనిపించడం తప్పు కాదు. ఉతికిన బట్టలైనా ఇవ్వండి, పనికొచ్చేది ఏదైనా మిగిలి ఉండొచ్చు. కాగితం సంచిలో పెడతాం, ప్లాస్టిక్‌లో కాదు."

"ప్లాస్టిక్‌లో పెడితే తడి ఉండిపోయి బూజు పడుతుంది," అంది అత్తయ్య తలుపు దగ్గర నుంచి. అలవాటు ఎక్కడికి పోతుంది!

నా మీద ఏ పరీక్ష చేయాలన్నా ముందు చెప్పి చేస్తానంది డాక్టరమ్మ. ఏ క్షణంలో వద్దన్నా ఆపేస్తానంది. గర్భం రాకుండా, రోగాలు అంటకుండా మందులు వెంటనే ఇస్తానంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది నా ఇష్టమనీ, చేయకపోయినా వైద్యం మాత్రం ఆగదనీ చెప్పింది. ఆవిడ అడుగుతున్న కొద్దీ నాకు కోపం పెరిగింది. ముందురోజు ఒక్కడంటే ఒక్కడు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఇవాళ ఈవిడ ఇన్నిసార్లు అడగాల్సిన పని ఉండేదా?

"మీరు అతన్ని ఏమైనా గాయపరిచారా?" అని అడిగింది.

"కొరికాను. ఎడమ మణికట్టు. కోటు చేతికి రక్తం అంటింది."

"కోటా?" అంది అత్తయ్య. "తెల్లకోటా? ఇవాళ ఏం వారం?"

"గురువారం."

ఆవిడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర దాటింది. మారు మాట్లాడకుండా బయటికి నడిచింది. వరండాలో చెప్పుల చప్పుడు దూరమై పోయింది.

పోయింది. నన్ను ఆ మంచం పక్కన వదిలేసి పోయింది. కోడలి పరువు అనేసరికి ధైర్యం చాలలేదు కాబోలు అనుకున్నాను. హోటల్లో ముప్ఫై ఏళ్ళ పరిచయాలున్నాయి కదా, గుట్టుగా సర్దుబాటు చేద్దామని బయల్దేరిందేమో అనుకున్నాను. ఉతికేసింది చాలక వదిలేసి కూడా పోయింది అని పళ్ళు నూరుకున్నాను.

పరీక్ష గంటన్నర పట్టింది. రెండుసార్లు ఆపమన్నాను, రెండుసార్లూ ఆపారు. దారం కళ్ళద్దాల పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంటానని అనలేదు. పట్టుకోవాలంటే ఇక్కడుంది అని తన చెయ్యి మంచం అంచున పెట్టింది, అంతే. రెండోసారి ఆపినప్పుడు పట్టుకున్నాను.

అక్కణ్ణించి స్టేషనుకి వెళ్ళాం, నేనూ ఆవిడా. అక్కడ ఫిర్యాదు రాసుకునే అతను మంచివాడే కావచ్చు. కానీ అతని ప్రశ్నలు వింటుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి అరవలేదా?"

"అరిచాను. పద్నాలుగు యంత్రాలు తిరుగుతున్నాయి."

"ఎవరికీ వినపడలేదా?"

"రేపు మధ్యాహ్నం రండి. మీరు స్టోర్లో నిలబడి అరవండి, నేను బయట వింటాను. వినపడితే కేసు కొట్టేయండి."

అతను పెన్ను ఆపాడు. "అంత దూకుడుగా మాట్లాడితే ఎలాగమ్మా?"

"ఏడిస్తే రాసుకుంటారా?" అన్నాను. "కోపంగా ఉన్న ఆడదానికి అన్యాయం జరగదా?"

పెద్దావిడ పక్కనుంచి నెమ్మదిగా, ఒక్కో మాటా నొక్కి, ఫిర్యాదు నేను చెప్పింది చెప్పినట్టే రాయాలని చెప్పింది. 'ఆ విషయం' అని రాస్తే నేను సంతకం చెయ్యనన్నాను. మొదటి కాగితం చింపేసి మళ్ళీ రాశాడు. కోటు సంగతి చెప్పాను. "కోటు అతని దగ్గరే ఉంటే ఈపాటికి ఉతికించేసి ఉంటాడు" అన్నాడు. నిజమే అనిపించింది. ఉతికేది మావాళ్ళే కదా.

అప్పుడు నా ఫోన్ మోగింది. అత్తయ్య. వెనక యంత్రాల హోరు.

"కోటు మీద కూర్చున్నాను," అని అరిచింది. "పోలీసుల్ని తీసుకురా. వాళ్ళొచ్చేదాకా లేవను."

ఎర్ర చీటీ గురించి ఇక్కడ చెప్పాలి. మా లాండ్రీలోకి మాసిన బట్ట ఏది వచ్చినా, నీళ్ళలో పడేముందు వేరుచేసే బల్ల మీద పరుస్తారు. చిరుగు ఉన్నా, కాలినా, గుండీ ఊడినా, రక్తం ఉన్నా దానికి ఎర్ర చీటీ కడతారు. ఏం పాడైందో దాని మీద రాసి, 'మా దగ్గరికి రాకముందే ఇలా ఉంది' అన్న వాక్యం కింద సొంతదారు సంతకం పెట్టేదాకా ఆ బట్ట ముట్టుకోరు. ఈ పద్ధతి పెట్టించింది మా అత్తయ్యే. ఒకప్పుడు ఎవరో పెద్దమనిషి కోటు తనే కాల్చుకుని లాండ్రీ వాళ్ళ మీదికి నెట్టాడు. హోటల్ హాల్లో అందరి ముందూ ఆవిడ చేత క్షమాపణ చెప్పించారు. మర్నాటి నుంచి ఆవిడ ఎర్ర అట్టముక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది. ప్రతి గురువారం పది గంటలకి మేనేజర్ల కోట్లు కిందికి వస్తాయి.

ఆ తర్వాత జరిగింది నాకు గొణుగుడు అక్క చెప్పింది. వేరుచేసే బల్ల ఆవిడది. పనిచేసినంతసేపూ తనలో తను గొణుక్కుంటూనే ఉంటుంది, యంత్రాల చప్పుడు ఆగినా ఆవిడ ఆగదు.

"వాడి కోటు వచ్చింది. చేతికి రక్తం, రెండో గుండీ గుడ్డతో సహా పోయింది. చీటీ రాశా, కట్టా, సంచిలో వేశా. పావుగంటకి వాడే దిగాడు, చేతికి కట్టుతో. 'ఉతికెయ్' అన్నాడు. సంతకం పెట్టండి సార్ అన్నా. 'నాకే చీటీయా?' అన్నాడు. రాజుగారి కోటైనా అంతే సార్ అన్నా. నాకేమన్నా తెలుసా తల్లీ ఏం జరిగిందో! సంతకం పెట్టడానికి ఏం నొప్పి అని నా గొణుగుడు నాది. వాడు కోటు లాక్కోబోయాడు. అప్పుడు మీ అత్తయ్య మాసిన బట్టల గేటు నుంచి వచ్చింది. రావడం రావడం ఆ సంచి లాగి, కిందపడేసి, దాని మీద కూర్చుంది. 'లేపు చూద్దాం' అంది. వాడు లేపబోయాడు. మేమందరం యంత్రాలు ఆపేశాం."

"ఆపేసి?"

"ఆపేసి చూస్తూ నుంచున్నాం. అంతే. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. సెంటు వాసన ఒక్కటే మిగిలింది. వాడు పైకి పోయాడు."

వాడు ఆ కోటు ఎందుకు పంపాడు, కాల్చెయ్యక? నేను చాలాసార్లు ఆలోచించాను. జవాబు ఒక్కటే. ఏళ్ళ తరబడి వాడి చెమట, వాడి కూర మరకలు, వాడి తాగుడు మరకలు ఒక్క మాట అడగకుండా కడిగిపెట్టాం. ఇది కూడా కడుగుతారు అనుకున్నాడు. చీటీ మీద అక్షరాలు రాసేవాళ్ళకి కళ్ళుంటాయని వాడికి తట్టలేదు.

మధ్యాహ్నానికి ఒక ఆడ ఇన్స్పెక్టరు వెళ్ళి కోటునీ, చీటీనీ కాగితం సంచిలో పెట్టి తీసుకుపోయింది. సాయంత్రానికి వాణ్ణి పట్టుకున్నారు.

అత్తయ్య ఇంటికొచ్చి నా ఎదుట నిలబడింది. "చెప్పకుండా పోయాను. చెబుతూ కూర్చుంటే పది దాటుతుందని," అంది.

నాకు ఏడుపు రావాలి. కోపమే వచ్చింది. "నన్నక్కడ ఒక్కదాన్నీ వదిలేసి! పరువు కోసం పారిపోయారనుకున్నాను!"

"అనుకో, తిట్టు," అంది. "నిన్న తిట్టలేకపోయినవి కూడా కలిపి తిట్టు."

తిట్టాను. ఆవిడ కూర్చుని అన్నీ విన్నది.

తర్వాత రెండున్నర నెలలు నేను ఇంట్లోనే ఉన్నాను. బాగైపోతున్నాను అని రాయాలనుంది కానీ అది తిన్నని దారి కాదు. గడియ చప్పుడు వింటే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. వీధిలో ఎవరైనా సెంటు పూసుకుని పోతే వాంతి వచ్చేది. నా భర్త వచ్చాడు. మొదటి వారం బొమ్మలా తిరిగాడు. రెండో వారం "ఆ ప్రశ్న అడిగి ఉండకూడదు" అన్నాడు. "అవును, కూడదు" అన్నాను. అప్పటి నుంచి గదిలోకి వచ్చే ముందు దగ్గుతాడు, వంట చేస్తాడు, ఉప్పు మరిచిపోతాడు. ఇంటి తలుపుల గడియలన్నీ తనే స్క్రూలు విప్పి తీసేశాడు, ముందు తలుపుది తప్ప.

అత్తయ్య నా బట్టలు ముట్టుకోవడం మానేసింది. ప్రతిదానికీ అడిగేది. "ఈ తువ్వాలు ఉతకనా?" "ఈ దిండు గలీబు తీసుకోనా?" మొదట్లో ఆ మాట వింటే ఊరట. తర్వాత చిరాకు. ఒకరోజు నా మేజోడు ఒకటి రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని వచ్చి అడిగింది. "ఉతకండి అత్తయ్యా, దాంట్లో ఏ సాక్ష్యమూ లేదు, కంపు తప్ప," అన్నాను. ఇద్దరం పకపకా నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే నేను ఏడ్చాను. ఆవిడ ఆ మేజోడు పట్టుకునే నా పక్కన కూర్చుంది.

వారానికోసారి దారం కళ్ళద్దాల పెద్దావిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. "నా కోపం తగ్గడం లేదు," అన్నాను ఒకసారి.

"తగ్గించుకోమని నేను అన్నానా?" అంది.

"అందరూ అంటున్నారు."

"కోపం వల్ల అన్నం సహించకపోతే, నిద్ర పట్టకపోతే, అది నాకు చెప్పండి, దాని పని చూద్దాం. కోపాన్ని మాత్రం ఉంచుకోండి. అది మీదే. ఇప్పుడు చెప్పండి, దాంతో ఏం చేద్దామనుకుంటున్నారు?"

"పనికి పోదామనుకుంటున్నాను."

నేను తిరిగి వస్తున్నానని తెలిసి హోటల్ పెద్ద మేనేజరు కబురు పెట్టాడు. మెత్తటి కుర్చీ, మెత్తటి గొంతు. మంచినీళ్ళు తెప్పించాడు. "నీ మంచి కోసమే చెబుతున్నానమ్మా. పైన పూలు సర్దే విభాగంలో చోటుంది. ప్రశాంతంగా ఉంటుంది. ఆ గది, ఆ జ్ఞాపకాలు... ఎందుకు?"

"స్టోర్ తలుపుకి లోపలి గడియ ఇంకా ఉందా సార్?"

"అది పాత తలుపు కదా. చూస్తాం, చేద్దాం."

రెండున్నర నెలలు. వాడు జైలుకి వెళ్ళాడు, బెయిలు మీద బయటికొచ్చాడు, ఉద్యోగం పోయింది. ఆ గడియ మాత్రం చెక్కుచెదరలేదు. కదలాల్సింది నేనట! నా ఒళ్ళు భగ్గుమంది. "నాకు పూలు సర్దడం రాదు," అని లేచాను. మంచినీళ్ళు ముట్టుకోలేదు.

తిన్నగా కిందికి దిగాను. యంత్రాల వేడి మొహానికి కొట్టింది. అందరూ తల తిప్పి చూశారు, ఎవరూ పలకరించలేదు. గొణుగుడు అక్క మాత్రం తన సొరుగు లాగి ఒక ఎర్ర చీటీ తీసి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది. దేనికో చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

స్టోర్ తలుపు ముందు నిలబడ్డాను. చీటీని గోడకి ఆనించి రాశాను. 'తలుపుకి లోపలి గడియ. ఇక్కడ ఒక మనిషి మీద అత్యాచారం జరిగింది. మా చేతుల్లో పాడైంది కాదు. సంతకం పెట్టి తలుపు ఊడదీసేదాకా ముట్టుకోం.' తలుపు తెరిచి, లోపలి గడియకి కట్టాను.

అంతే, ఎవరూ దుప్పట్ల కోసం స్టోర్లోకి వెళ్ళలేదు. గొడవ లేదు, నినాదాలు లేవు. యంత్రాలు తిరుగుతున్నాయి, ఉతికినవి ఆరుతున్నాయి. స్టోర్లోవి మాత్రం స్టోర్లోనే ఉన్నాయి. పదకొండు గంటలకి పైనుంచి ఫోను వచ్చింది, నలభై గదులకి దుప్పట్లు లేవని. పన్నెండుకి మళ్ళీ వచ్చింది. పన్నెండున్నరకి మెత్తటి గొంతు మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. అంత మెత్తగా లేడు.

చీటీ చదివాడు. 'అత్యాచారం' దగ్గర కళ్ళు ఆగాయి. "ఈ మాట అవసరమా?"

"సొంతదారు సంతకానికి కింద గీత ఉంది సార్," అంది గొణుగుడు అక్క, ఈసారి గొణక్కుండా.

పైన ఎవరో పెద్ద బృందం సామాన్లతో హాల్లో కాచుకుని ఉన్నారు. జేబులోంచి పెన్ను తీసి, చీటీ మీద సంతకం పెట్టాడు. మూడింటికి వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు.

ఊడిన తలుపు గోడకి ఆనించి ఉంది. బరువైన పాత టేకు తలుపు. పారేద్దామా అన్నాడు వడ్రంగి. వద్దన్నాను. రెండు ఇనుప స్టాండ్ల మీద దాన్ని పడుకోబెట్టించాను. గడియ పీకించి, ఆ చిల్లులున్న వైపు పైకి ఉండేలా పెట్టించాను. మీద తెల్ల గుడ్డ పరిచాం.

ఇప్పుడు మేం దాని మీదే దుప్పట్లు మడత పెడుతున్నాం. కేసు ఇంకా నడుస్తోంది. పరీక్షల కాగితాలు రావాలి. కోర్టులో వాణ్ణి చూడాలి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. చెబుతాను.

మొన్న అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి చూడ్డానికి వచ్చింది. తలుపు మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. చిల్లుల దగ్గర ఒక వేలు ఆగింది. ఏదో అంటుందనుకున్నాను.

"ఎత్తు చాలదు," అంది. "మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది. నువ్వు ఇక్కడ చాలా ఏళ్ళు నిలబడాలి కదా, కింద ఇటుకలు పెట్టించు."

పెట్టించాను.